వ్యభిచారాన్ని చట్టబద్ధం చేసి, నగరంలో ఒక ప్రాంతానికి పరిమితం చేస్తే మంచిదే కదా? స్త్రీవాదులు ఎందుకు ఒప్పుకోరు?

ఒక ప్రాంతం కేటాయిస్తే ఆ ఆడవాళ్లకు భద్రత, కుటుంబాలుండే వీధులకు ప్రశాంతత అన్నారు. నేను స్త్రీవాదినే. మాది హిందూపురం. బెంగళూరు మెజెస్టిక్ దగ్గర హెచ్ఐవీ నివారణ ప్రాజెక్టులో కొన్నేళ్లు కౌన్సిలర్‌గా చేశాను. తెలుగు వచ్చని అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లను నా దగ్గరికే పంపేవాళ్లు. వాళ్లను నేరస్తులుగా చూడొద్దన్నంత వరకు మీ మాటే నా మాట. ప్రాంతం దగ్గరే నాకు పేచీ.

కోల్‌కతాలో సోనాగాచీలాంటి, ఈ పనికే పేరుపడ్డ పేట బెంగళూరులో లేదు. బస్టాండు, లాడ్జీలు, ఫోన్లు, అద్దె ఇళ్లు, ఇంతే. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది వఠారాల్లో పిల్లలతో ఉండేవాళ్లు. గార్మెంట్స్‌లో పని అని చెప్పి, పొద్దున్నే క్యారియర్ పట్టుకుని బయల్దేరేవాళ్లు. మీరు చెప్పిన ఆలోచనే ఒకసారి మా సెంటర్లో మాటల్లో వచ్చింది. కదిరి వైపు ఆమె వెంటనే అంది: "ఆ ఏరియాలో బస్సు దిగితే చాలు మేడమ్, ఊరంతా తెలిసిపోతుంది. గార్మెంట్స్ అని చెప్పుకునేదానికి కూడా ఉండదు. రేపు నా బిడ్డను ఎవరు చేసుకుంటారు?" పోలీసుల కంటే, గిరాకీల కంటే ఆమెకు ఎక్కువ భయం అదే. భద్రత పేరుతో మనం తీసేసేది ఆమెకున్న ఒక్క భద్రతను, నలుగురిలో ఒకరిగా కలిసిపోయి బతికే వీలును.

నిజానికి హద్దులు గీయడం మన చట్టంలో ఎప్పటినుంచో ఉంది. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం ఒక స్త్రీ తన ఇష్టంతో, ఒంటరిగా, ఎవరి కంటా పడకుండా చేసే పనిని నేరమనదు. కానీ గుడి, బడి, హాస్టల్, ఆసుపత్రికి 200 మీటర్ల లోపు చేస్తే నేరం. మల్లేశ్వరంలోనో కలాసిపాళ్యంలోనో నిలబడి 200 మీటర్ల మేర చూడండి. గుడిగానీ స్కూలుగానీ నర్సింగ్ హోమ్‌గానీ లేని చోటు దొరుకుతుందా? అంటే ఆమె ఎక్కడున్నా పోలీసు చేతికి ఒక సెక్షన్ సిద్ధం. దాన్ని వాడాలా, చూపించి డబ్బు గుంజాలా అన్నది అతని ఇష్టం.

ఇద్దరు ఆడవాళ్లు అద్దె పంచుకుని, ఒకరికొకరు తోడుంటారని ఒకే గదిలో పనిచేస్తే చట్టం దృష్టిలో అది వ్యభిచార గృహం. మా సెంటర్‌కి వచ్చే ఇద్దరి మీద ఇలాగే కేసు పెట్టారు. తాగొచ్చి కొట్టే గిరాకీ తగిలితే కేకేయడానికి పక్కన మనిషి ఉండాలని వాళ్లు కలిసి ఉన్నారు. అదే నేరమైంది. న్యూజిలాండ్ 2003లో చేసిన చట్టం దీనికి పూర్తిగా ఎదురు: నలుగురి దాకా కలిసి, ఎవరి సంపాదన వాళ్లే ఉంచుకుంటూ పనిచేస్తే లైసెన్సు అక్కర్లేదు. మనం తెచ్చుకోవాల్సింది ఇలాంటిది.

జర్మనీని చూపిస్తారు చాలామంది. అక్కడ 2002లో చట్టబద్ధం చేశారు, 2017 నుంచి పేరు నమోదు తప్పనిసరి అన్నారు. పేరు బయటపడుతుందన్న భయంతో ఎంతోమంది నమోదుకే రాలేదు. మనకు ఇది కొత్తేమీ కాదు. 1868లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన అంటువ్యాధుల చట్టం కూడా ఆడవాళ్ల పేర్లు రాసుకుని, బలవంతంగా పరీక్షలు చేసి, లాక్ హాస్పిటళ్లలో, అంటే సుఖవ్యాధుల ఆసుపత్రుల్లో పెట్టింది. వాళ్ల దగ్గరికొచ్చిన సైనికులకు మాత్రం ఆ కట్టుబాట్లు లేవు. కేటాయించిన ప్రాంతాలూ అంతే. లోపలికి వెళ్లి వచ్చే మగవాడి మీద మచ్చ ఉండదు, ఆమె చిరునామా మీదే ఉంటుంది.

స్త్రీవాదులందరిదీ నా మాటే అనను. ఇది స్త్రీల మీద హింసే, కొనేవాడిని శిక్షించాలనేవాళ్లు ఉన్నారు. స్వీడన్ 1999 నుంచి చేస్తున్నది అదే. కరువు ప్రాంతాల నుంచి పనిప్పిస్తామని అమ్మాయిలను తీసుకెళ్లి అమ్మేసిన సంగతులు విన్నదాన్ని, వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. అమ్మినవాడికి, మైనర్లను ఈ పనిలోకి దింపినవాడికి శిక్ష పడాల్సిందే, దాంట్లో రాజీ లేదు. కానీ గిరాకీ దొంగచాటుగా రావాల్సి వస్తే బేరం చీకట్లో, హడావిడిగా జరుగుతుంది. అతను ఎలాంటివాడో చూసుకునే సమయం ఆమెకు ఉండదు. అందుకే నేను ఆ వైపు మొగ్గలేను.

మన సుప్రీంకోర్టు 2022 మేలో ఇచ్చిన ఆదేశాల్లో ఒకటి ఇక్కడ చెప్పాలి. సెక్స్ వర్కర్లకు ఆధార్ ఇవ్వాలంది, అయితే వాళ్ల వృత్తిని పట్టిచ్చే కోడ్ ఏదీ ఆధార్ నమోదు నంబర్లో ఉండకూడదంది. నంబర్లోనే గుర్తు వద్దన్నప్పుడు, ఆమె నివసించే వీధికి గుర్తు వేయడం ఎలా సబబు?

మీ వీధిలో ఎవరి మీదైనా అనుమానంతో ఇల్లు ఖాళీ చేయిస్తుంటే ఒక్కటి గమనించండి. ఓనర్ అడ్వాన్స్ తిరిగిచ్చాడా? బెంగళూరులో అది నెలల అద్దె, ఆమె ఏళ్లపాటు కూడబెట్టింది. పరువు పోతుందని ఆమె అడగదన్న ధైర్యంతోనే ఎగ్గొడతారు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 15100కి ఫోన్ చేయవచ్చు. ఆ నంబర్ ఆమె చేతికి అందేలా చూడండి.