చదివినోళ్ల మాట: ఈ నెల ఫిలిప్పీన్స్ నవలలు, ఇంకొన్ని

2025 అక్టోబరులో ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శనకు ఫిలిప్పీన్స్ గౌరవ అతిథిగా వెళ్లింది. ఆ దేశపు నవలల మీద పాఠకులు రాసిన ఉత్తరాలు ఈసారి చాలా ఉన్నాయి. మెచ్చుకున్నవీ ఉన్నాయి, విసుక్కున్నవీ ఉన్నాయి. విసుక్కున్న ఉత్తరాలను దగ్గరగా చూస్తే, ఎక్కువసార్లు అడ్డం పడ్డది రచయిత కాదు. చేతికొచ్చిన ప్రతి, లేకపోతే చదివిన వరుస. అందుకే జవాబుల్లో అనువాదాల సంగతి, అధ్యాయాల నంబర్లు కాస్త ఎక్కువే ఉంటాయి.

ప్రశ్న: హోసే రిజాల్ ‘నోలీ మే తాంగెరే’ ఉచితంగా దొరికితే ఫోన్‌ల దించుకున్న. రెండుసార్లు మొదలువెట్టి రెండుసార్లు ఆపేసిన. పీఠికనే ఒడవలేదు. అది దాటితే విందు, ఆ విందుల ముచ్చట్లు. తర్వాత మతగురువుల మీద ఉపన్యాసం లెక్క అనిపించింది. ఇంత పేరు ఎందుకొచ్చింది దీనికి? – పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీకు దొరికింది చార్లెస్ డార్బిషైర్ 1912లో చేసిన ఇంగ్లీషు అనువాదం అయి ఉంటుంది. దాని పేరు ‘ద సోషల్ క్యాన్సర్’. హక్కుల గడువు తీరిపోయింది కాబట్టి ఉచితంగా తిరిగేది అదే. అనువాదకుడు ముందు పొడుగాటి చరిత్ర పీఠిక పెట్టాడు. అది మంచిదే కానీ నవల అయిపోయాక చదవాల్సింది. ఇప్పటికి దాన్ని వదిలేసి నేరుగా మొదటి అధ్యాయానికి వెళ్లండి. భాష మరీ పాతగా అనిపిస్తే హెరాల్డ్ ఆగెన్‌బ్రామ్ 2006లో పెంగ్విన్‌కు చేసిన అనువాదం తీసుకోండి, వివరణలు కూడా ఉంటాయి. లియోన్ మరియా గెరేరో 1961 నాటి అనువాదం గబగబా సాగుతుంది గానీ, అక్కడి స్థానిక మాటలను చాలావరకు చదును చేసేసింది. ఊరి వాసన కావాలనుకునేవాళ్లకు సొలెడాడ్ లాక్సన్-లోక్సిన్ అనువాదం మేలు.

విందు సంగతి. మనుషులంతా ఒక్కసారే గదిలోకి రావడంతో తికమక అవుతుంది. ఒక చీటీ మీద ఆరు పేర్లు రాసుకోండి: ఇబార్రా, మరియా క్లారా, కపితాన్ తియాగో, పాద్రే దామాసో, ఎలియాస్, సీసా. మిగతావాళ్లను వచ్చినప్పుడు చూసుకోవచ్చు. మూడో అధ్యాయంలో తినోలా అనే కోడి పులుసు వడ్డిస్తారు. మంచి ముక్కలన్నీ మిగతావాళ్లకు, ముఖ్యంగా ఐరోపా నుంచి అప్పుడే వచ్చిన కుర్రవాడు ఇబార్రాకు పోతాయి, పాద్రే దామాసో గిన్నెలోకి మెడ, రెక్క వస్తాయి. ఆయన చెంచాతో సొరకాయ ముక్కలను మెదిపేస్తాడు. మన బంతి భోజనాల్లో ఎవరి విస్తట్లో ఏ ముక్క పడిందో గమనించేవాళ్లకు ఆ సన్నివేశం ఎంత పదునైనదో వేరే చెప్పక్కరలేదు. నవలలోని పగ మొత్తం ఆ గిన్నె దగ్గరే రాజుకుంటుంది.

మూడోసారి కూడా ఆగిపోతారేమో అనిపిస్తే ఇలా చేయండి. ముందు 15, 16, 17, 21 అధ్యాయాలు చదవండి. అవి సీసా అనే తల్లి కథ. ఇద్దరు కొడుకులు చర్చిలో గంటలు కొట్టే పనిలో ఉంటారు. చిన్నవాడి మీద దొంగతనం మోపుతారు. పిల్లల కోసం ఆమె వండిపెట్టిన కూడు మొగుడొచ్చి తినిపోతాడు. ఇరవై ఒకటో అధ్యాయంలో సిపాయిలు ఆమెను ఊరి నడుమ నుంచి నడిపించుకుపోతారు. అది చదివాక పుస్తకం పక్కన పెట్టడం కష్టం. తర్వాత పంతొమ్మిదోది, బడిపంతులు గోడు. పిల్లలు అర్థం తెలియని పరాయి భాష వల్లె వేయడం, పాదిరీ పెత్తనం, బెత్తం. నైజాం కాలంలో ఉర్దూ చదువు మధ్య తెలుగు కోసం 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం ఎందుకు పుట్టిందో తెలిసిన ఊరివారు మీరు. ఆ అధ్యాయం మీకు ఇట్టే పడుతుంది. అక్కడి నుంచి వెనక్కి, మొదటి అధ్యాయానికి.

ఉపన్యాసం అన్నారు. కొంత నిజమే. కానీ మతగురువుల మీది కోపాన్ని మతం మీది కోపంగా చదివితే నవల చేజారుతుంది. అక్కడి స్పానిష్ సన్యాసి సంఘాలు భూస్వాములు కూడా. రిజాల్ కుటుంబం కలాంబాలో డొమినికన్ అనే సన్యాసి సంఘం భూమికి కౌలుదారు, తర్వాత వాళ్లను ఆ భూమి నుంచి వెళ్లగొట్టారు. మన వైపు దొర, పటేలు, పట్వారీ పంచుకున్న అధికారమంతా అక్కడ ఒక్క పాదిరీ చేతిలో ఉందనుకుని చదవండి. అందుకే నలభై తొమ్మిదో అధ్యాయాన్ని, ఇబార్రా, ఎలియాస్ పడవలో చేసే వాదాన్ని, ఎంత పొడుగైనా దాటేయొద్దు. విన్నపాలతో మారుతుందా, తిరగబడితేనే మారుతుందా అన్నదే ఈ పుస్తకం. ఇది బెర్లిన్‌లో అచ్చయింది 1887లో, రిజాల్‌కు అప్పుడు ఇరవై అయిదేళ్లు. 1896 డిసెంబరు 30న స్పెయిన్ ప్రభుత్వం ఆయన్ని మనీలాలో కాల్చి చంపింది. 1956 నాటి చట్టంతో అక్కడి బడుల్లో, కాలేజీల్లో ఆయన రచనలు తప్పనిసరి పాఠ్యమయ్యాయి. రెండో నవల ‘ఎల్ ఫిలిబుస్టెరిస్మో’ను మాత్రం దీని తర్వాతే పట్టుకోండి. అందులోని నగల వ్యాపారి సిమౌన్ ఎవరో ముందే తెలిస్తేనే దాని బిగి తెలుస్తుంది.

ప్రశ్న: సియోనిల్ హోసే నవలలు మన సాయుధ పోరాటాన్ని గుర్తు చేస్తయని ఎవరో చెప్తే ‘పో-ఓన్’, ‘డస్క్’ రెండూ తెప్పించిన. తెరిచి చూస్తే రెండూ ఒకటే పుస్తకం. పైసలు పాయె. చదివినంక నా అభిప్రాయం: కథ బలంగ ఉంది, భాష చప్పగ ఉంది. మిగిలినవి ఏ వరుసల చదవాలె? – పాఠకుడు, జనగామ

జవాబు: ఈ తప్పు చాలామందికి జరుగుతుంది. సియోనిల్ హోసే ఒక వరుసగా రాసిన నవలలు అయిదు. అమెరికాలో మోడర్న్ లైబ్రరీ వాళ్లు వాటిని మూడు సంపుటాలుగా వేరే పేర్లతో వేశారు. ‘డస్క్’ అంటే ‘పో-ఓన్’. ‘డాన్ విసెంటె’ అంటే ‘ట్రీ’, ‘మై బ్రదర్, మై ఎగ్జిక్యూషనర్’ రెండూ కలిపి. ‘ద శాంసన్స్’ అంటే ‘ద ప్రిటెండర్స్’, ‘మాస్’ కలిపి. మనీలా ప్రతులకు అసలు పేర్లే ఉంటాయి. కొనే ముందు ఈ జాబితా పక్కన పెట్టుకోండి. ఒక ప్రతి మీ ఊరి గ్రంథాలయానికి ఇచ్చేయండి, పైసలు వృథా కావు.

కథాకాలం ప్రకారం వరుస: ‘పో-ఓన్’, ‘ట్రీ’, ‘మై బ్రదర్, మై ఎగ్జిక్యూషనర్’, ‘ద ప్రిటెండర్స్’, ‘మాస్’. రాసిన వరుస అది కాదు. ‘ద ప్రిటెండర్స్’ 1962లోనే వచ్చింది, అన్నిటికంటే ముందు జరిగే ‘పో-ఓన్’ చివర్న 1984లో వచ్చింది. మీరు ‘పో-ఓన్’ చదివేశారు కాబట్టి కథాకాలాన్నే పట్టుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మా సలహా వేరు: ‘ట్రీ’తో మొదలుపెట్టండి. చిన్నది. దొర భూముల మీద పెత్తనం చేసే మనిషి కొడుకు చెప్పే కథ. తన అన్నం ఎవరి చెమటలోంచి వస్తున్నదో ఆ పిల్లవాడికి మెల్లమెల్లగా తెలుస్తుంటుంది.

ఇక పోలిక. ఈ నవలల వేర్లున్న రోసాలెస్ లుజాన్ దీవిలో, పంగసినాన్ రాష్ట్రంలో ఉన్న ఊరు, రచయిత సొంతూరు. అక్కడి కౌలురైతును ‘కసామా’ అంటారు. 1942లో జపాన్ సైన్యం మీద పోరుకు పుట్టిన హుక్ దళాలు యుద్ధం తర్వాత భూస్వాముల మీదికి, ప్రభుత్వం మీదికి తిరిగాయి. 1946లో ఆ పోరు రాజుకుంది, 1954లో నాయకుడు లూయిస్ తరుక్ లొంగిపోయాడు. మన దగ్గర 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు, 1951 అక్టోబరులో పోరాట విరమణ. కాలం ఇంత దగ్గరగా ఉండటంతో ‘మై బ్రదర్, మై ఎగ్జిక్యూషనర్’ మీకు సొంత కథలా తోస్తుంది: దొర డాన్ విసెంటెకు పుట్టిన లూయిస్ ఒకవైపు, అతని తల్లి కడుపునే పుట్టి దళంలో చేరిన విక్టర్ ఒకవైపు. అయితే పోలికను అతిగా లాగొద్దు. అక్కడ నిజాం లేడు. స్పెయిన్ పోయి అమెరికా వచ్చింది, ఆ వెనక జపాన్ వచ్చింది. తేడాలు పట్టుకోవాలంటే పక్కనే దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ పెట్టుకుని చదవండి. మన నవలల్లో గడి బయట నిలబడి లోపలికి చూస్తాం. సియోనిల్ హోసే గడి లోపల పుట్టినవాడి కడుపులో మంట రాస్తాడు.

భాష చప్పగా ఉందన్నారు. ఆయన మాతృభాష ఇలొకానో, రాసింది ఇంగ్లీషులో, ఎవరికైనా అర్థం కావాలని వాక్యాన్ని కావాలనే సాదాగా ఉంచాడు. పొలాల వర్ణన దగ్గర ఆ సాదాతనమే బలం. పాత్రలు దేశం గురించి వాదించుకునే చోట మాత్రం మీరన్నట్టే చప్పబడుతుంది. ఆడవాళ్ల పాత్రలు పలచన కావడం ఇంకా పెద్ద లోపం.

ప్రశ్న: మా ఊర్ల ఇంటికొకలు గల్ఫ్‌ల ఉన్నరు. అందుకే హోసే దలిసాయ్ ‘సొలెడాడ్స్ సిస్టర్’ చదివిన. మొదటి పేజీలు గుండె పట్టుకున్నయి, తర్వాత పోలీసు కథ అయింది. చచ్చిపోయినామె గురించి చెప్పింది తక్కువ. – పాఠకుడు, జగిత్యాల

జవాబు: తక్కువ చెప్పడమే ఆ నవల చేసిన పని. జిద్దా నుంచి మనీలా విమానాశ్రయానికి శవపేటిక వస్తుంది. దాని మీద ఉన్న పేరు అరోరా. అసలు అరోరా బతికే ఉంది, ఒక చిన్న ఊరి బారులో పాటలు పాడుతుంది. పోయింది చెల్లెలి కాగితాల మీద వెళ్లిన అక్క సొలెడాడ్. పాస్‌పోర్టు ఒకరిది, ప్రాణం ఒకరిది. కాగితం మీద లేని మనిషి గురించి నిండుగా చెప్పలేకపోవడమే అక్కడి బాధ. శంషాబాద్‌లో పెట్టె కోసం ఎదురుచూసిన కుటుంబాలకు ఇది అర్థం చేయించక్కరలేదు. అయినా మీ మాటలో న్యాయం ఉంది, నడుమ భాగంలో పోలీసు వాల్టర్ ఎక్కువ చోటు తిన్నాడు.

మీకు కావలసింది మియా అల్వర్ కథల్లో దొరుకుతుంది. ‘ఇన్ ద కంట్రీ’, 2015, తొమ్మిది కథలు. వరుసగా వద్దు. ముందు ‘ఎ కాంట్రాక్ట్ ఓవర్సీస్’ చదవండి: అన్న సౌదీలో, చెల్లె మనీలాలో, అన్న జీవితాన్ని ఆమె కథలుగా అల్లుకుంటుంది. తర్వాత ‘షాడో ఫ్యామిలీస్’, బహ్రెయిన్‌లోని ఫిలిపీనా ఆడవాళ్లు ‘మేము’ అంటూ కలిసి చెప్పేది. ఒక తేడా గుర్తుంచుకోండి. మన వైపు నుంచి ఎక్కువగా మగవాళ్లు కూలి పనులకు పోయారు. అక్కడి నుంచి నర్సులుగా, ఇంటిపనికి ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో పోయారు; 1974 కార్మిక చట్టంతో ప్రభుత్వమే ఆ వలసను నడిపింది. అందుకే అక్కడి వలస కథల్లో ఎదురుచూసేది తరచు మొగుడూ పిల్లలూ.

వీసాకు భూమి అమ్మిన కుటుంబాల సంగతి కావాలంటే కార్లోస్ బులొసాన్ ‘అమెరికా ఈజ్ ఇన్ ద హార్ట్’, 1946. మొదటి భాగమంతా బినలోనాన్‌లో ఒక రైతు కుటుంబం ఒక కొడుకు చదువు కోసం పొలం పోగొట్టుకోవడం. దాన్ని మాత్రం తొందరపడి తిప్పేయకండి.

ప్రశ్న: ఇంగ్లీషు నవలల నడుమ అర్థం కాని ఫిలిపీనో మాటలు వస్తయి, వెనక పట్టిక ఉండదు. – విద్యార్థిని, కాకతీయ విశ్వవిద్యాలయం

జవాబు: కొన్ని మాటలతో చాలావరకు గడిచిపోతుంది. ‘కూయా’ అన్న, ‘ఆతే’ అక్క, ‘నానాయ్’ అమ్మ, ‘తాతాయ్’ నాన్న (మన తాత కాదు, అక్కడే పొరపడతారు), ‘లోలో’ తాత, ‘లోలా’ నాయనమ్మ లేదా అమ్మమ్మ. ‘పో’ మన ‘అండి’ లాంటిది. ఒక పాత్ర హఠాత్తుగా ‘పో’ మానేస్తే కోపమొచ్చిందని పట్టుకోవాలి. ‘కరబావ్’ బర్రె జాతి. రాతలో ‘ఎంజీఏ’ అని కనబడేదాన్ని ‘మంగా’ అని పలకాలి, అది బహువచనం. పాత నవలల్లో ‘ఇందియో’ అంటే భారతీయుడు కాడు. స్పెయిన్‌వాళ్లు స్థానికులను పిలిచిన చులకన మాట. అన్నిటికంటే బరువైనది ‘ఉతాంగ్ నా లోఓబ్’: ఒకరు చేసిన మేలుకు లోలోపల పడ్డ రుణం. “ఈమె ఆ ఇల్లు వదిలిపెట్టి పోదేం?” అని మీకు అనిపించిన చోట చాలాసార్లు కారణం అదే.

ప్రశ్న: మార్క్వెస్ ‘వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్’ సగంల ఆపిన. అందరి పేర్లు ఒకటే. దాన్ని ఫిలిప్పీన్స్ రచయితలతో ఎందుకు పోలుస్తరు? – పాఠకుడు, మంచిర్యాల

జవాబు: రెండో దానికి ముందు జవాబు. మార్క్వెస్‌ది కొలంబియా, అదీ స్పెయిన్ ఏలిన దేశమే. ఫిలిప్పీన్స్‌ను స్పెయిన్ 1821 దాకా మెక్సికో మీదుగా పాలించింది. 1565 నుంచి 1815 వరకు మనీలాకూ అకపుల్కోకూ నడుమ వ్యాపార ఓడలు తిరిగాయి. ఒకే చర్చి, ఒకే రకం జాగీర్లు. నిక్ వాకీన్ కథలు చదివితే ఆ చుట్టరికం తెలుస్తుంది. ‘మే డే ఈవ్’తో మొదలుపెట్టండి, ఒక్క రాత్రిలో అయిపోతుంది.

ఇక పేర్లు. ఆ నవలలో ఇరవై అధ్యాయాలున్నాయి, నంబర్లు లేవు. పెన్సిల్‌తో నంబర్లు వేసుకోండి, రోజుకొకటి కంటే ఎక్కువ చదవొద్దు. చాలా ప్రతుల్లో వంశవృక్షం ముందే ఉంటుంది. దానికి తరానికొక రంగు పూయండి. ఇంటి పెద్దామె ఉర్సులా పట్టుకున్న సూత్రమే మీరూ పట్టుకోండి: ఔరెలియానోలు లోపలికి ముడుచుకునే తెలివిపరులు, హోసే ఆర్కాదియోలు దూకుడు మనుషులు. చిన్నప్పుడు పేర్లు మార్చుకుని ఆడుకున్న కవలల దగ్గర ఈ లెక్క తప్పుతుంది, అది రచయిత కావాలని చేసిందే. కల్నల్ ఔరెలియానోకు పదిహేడు మంది కొడుకులు, అందరూ ఔరెలియానోలే. వాళ్లను విడివిడిగా గుర్తుంచుకోవాల్సిన పని లేదు.

ప్రశ్న: గ్రంథాలయంల ఎనిమిది మందిమి కలిసి ఒక ఫిలిప్పీన్స్ నవల చదువుదామనుకుంటున్నం. అపరాధ పరిశోధన అయితే అందరు వస్తరు. – పాఠకుడు, కరీంనగర్

జవాబు: అయితే ఎఫ్.హెచ్. బటకాన్ ‘స్మాలర్ అండ్ స్మాలర్ సర్కిల్స్’. మనీలా శివారు పయాటాస్ చెత్తగుట్టల దగ్గర పిల్లల హత్యలు, వాటి వెంట పడే ఇద్దరు జెసూట్ క్రైస్తవ గురువులు. 2002లో వచ్చిన పాత ప్రతి చిన్నది, 2015లో సోహో ప్రెస్ వేసింది పెంచి రాసింది. ఎనిమిది మందీ ఒకే ప్రతి తీసుకోకపోతే మొదటి వారమే పేజీలు కలవవు. పిల్లల శవాల వర్ణన ఉంది, సభ్యులకు ముందే చెప్పండి.

దాని తర్వాత రిజాల్‌కు దిగండి. అరవై మూడు అధ్యాయాలు, వారానికి ఏడు చొప్పున తొమ్మిది వారాలు. చివరి వారం ముగింపు మాట కూడా కలిపేయండి. వారానికొకరు ఆ ఏడు అధ్యాయాల కథను పది నిమిషాల్లో తెలుగులో చెప్పాలి, ఇంగ్లీషు తడబడేవాళ్లు అప్పుడు వెనకబడరు. మూడో వారం వాటాలో 15 నుంచి 21 వరకు వస్తాయి. ఆ రోజు సీసా కథ కోసం మామూలు కంటే అరగంట ఎక్కువ పెట్టుకోండి.