వ్యాసార్ధమా, వ్యాసార్థమా?

సందేహం: మా పాప లెక్కల నోట్సులో ఒకచోట ‘వ్యాసార్ధం’ అనీ, ఇంకోచోట ‘వ్యాసార్థం’ అనీ ఉంది. ఏది ఒప్పు? వృత్తంలో గీసే వ్యాసానికీ, పరీక్షలో రాసే వ్యాసానికీ ఏమైనా సంబంధం ఉందా?

సమాధానం: ‘వ్యాసార్ధం’ ఒప్పు. పొట్టలో చుక్క లేని ‘ధ’ రాయాలి. వ్యాస + అర్ధం, సవర్ణదీర్ఘ సంధి. వ్యాసంలో అర్ధం, అంటే సగం. చుక్క పెట్టి ‘థ’ చేస్తే అది ‘వ్యాసం తాలూకు భావం’ అయిపోతుంది.

అమరకోశం ఈ రెండు మాటల్నీ స్పష్టంగా వేరు చేసింది. ‘పుంస్యర్ధోఽర్ధం సమేంఽశకే’ అంది. అర్ధ శబ్దం పుంలింగమైతే ఏదో ఒక ముక్క, నపుంసకమైతే సరిసమానమైన సగం. లెక్కలకు కావలసింది ఈ రెండోదే. ఇక ‘అర్థ’ శబ్దానికి ఆ నిఘంటువు చెప్పినవి ఐదు: మాటకు వచ్చే భావం, ధనం, వస్తువు, ప్రయోజనం, నివృత్తి. ఈ ఐదింటిలో ‘సగం’ లేదు.

మరి తప్పు ఎక్కడ దొర్లుతోంది? మన నోట్లోనే. ‘కథ’ను ‘కధ’ అంటాం, ‘అర్థమైందా’ను ‘అర్ధమైందా’ అంటాం. పలకడంలో రెండూ ఒకటైపోయాయి. రాయడానికి కూర్చునేసరికి ఎక్కడ తప్పు పోతుందో అన్న టెన్షన్‌తో, సరిగ్గా ఉన్న ‘ధ’కు కూడా చుక్క పెట్టేస్తాం. అర్థరాత్రి, అర్థచంద్రుడు, పూర్వార్థం అని అచ్చులో కనబడ్డప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. మూడింటిలోనూ ‘ధ’ ఉండాలి. అనుమానం వస్తే ఆ చోట ‘సగం’ పెట్టి చూడండి. సగం రాత్రి, సగం చంద్రుడు కుదురుతాయి కాబట్టి ‘ధ’. విద్యార్థి, పదార్థం, పురుషార్థం అన్నవాటిలో సగానికి చోటు లేదు కాబట్టి ‘థ’.

రేఫ (‘ర్’) తర్వాతి హల్లును జంటగా రాసే పద్ధతి కూడా వ్యాకరణం ఒప్పుకున్నదే. శాసనాల్లో ‘ధర్మ్మ’ అని కనిపించేది అందుకే. ఆ ప్రకారం రాస్తే సగానికి ‘అర్ద్ధం’, భావానికి ‘అర్త్థం’ అవుతాయి. ఒకదానిలో ‘ద’, రెండోదానిలో ‘త’ ముందు నిలబడి తేడా పట్టిస్తాయి. ఇప్పుడు ఆ జంట పోయింది, చుక్క ఒక్కటే మిగిలింది.

ఇక వ్యాసం సంగతి. ఇది నాకు ఎంతో ఇష్టమైన మాట. దీనిలో ‘విసరడం’ అనే అర్థమున్న ‘అస్’ ధాతువు ఉంది. ముందు ‘సం’ చేరితే సమాసం, దగ్గరికి చేర్చడం. ‘వి’ చేరితే వ్యాసం, విడదీసి పరచడం. వేదాలను విడదీసి అమర్చినవాడు వ్యాసుడు. ఒక విషయాన్ని విస్తరించి రాస్తే అది వ్యాసం. ‘విస్తారో విగ్రహో వ్యాసః’ అని అమరం. వృత్తం ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎంత మేర పరుచుకుందో చెప్పే కొలతా వ్యాసమే. కాబట్టి మీరడిగిన రెండూ ఒకే మాట.

వ్యాసానికి ‘విష్కంభం’ అనే పేరు కూడా ఉంది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో వృత్త వైశాల్యానికి చెప్పిన సూత్రం చూడండి: ‘సమపరిణాహస్యార్ధం విష్కంభార్ధహతమేవ వృత్తఫలమ్’. చుట్టుకొలతలో సగాన్ని విష్కంభంలో సగంతో గుణిస్తే వైశాల్యం వస్తుంది. వ్యాసం 14 అనుకుంటే చుట్టుకొలత సుమారు 44. దానిలో సగం 22, వ్యాసార్ధం 7, గుణిస్తే 154. ఒక్క పంక్తిలో రెండు సగాలు, రెండూ ‘ధ’తోనే.

హిందీవాళ్లు వ్యాసార్ధాన్ని ‘త్రిజ్య’ అంటారు. మూడు రాశులకు, అంటే 90 డిగ్రీలకు వచ్చే జ్య (నేటి ‘సైన్’కు మూలమైన కొలత) వ్యాసార్ధంతో సమానం కాబట్టి ఆ పేరు. మీ పాప ‘అర్ధవ్యాసం’ అని రాసినా తప్పు కాదు, అక్కడా చుక్క మాత్రం వద్దు.