మారుతి 800 అమ్మి పాత స్విఫ్ట్ కొనాలా? నా మాటైతే వద్దు

మీ నాయన కాలం నాటి 1996 మారుతి 800 ఇంట్లో ఉంది, 2007 స్విఫ్ట్ పెట్రోలు బండి బేరానికొచ్చింది, రెండూ ముందు చక్రాలు లాగే బండ్లే కదా, ఏది మేలని అడిగారు. నేను రెండూ ఏళ్ల తరబడి నడిపాను. 800 అమ్మొద్దు.

లెక్కలు చూస్తే పోటీయే లేదు, ఒప్పుకుంటా. 800ది 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బ్యురేటర్, చలికాలం పొద్దున్నే చోక్ లాగితే గానీ లేవదు. స్విఫ్ట్‌ది 1298 సీసీ, 87 హార్స్ పవర్. కడప నుంచి రాయచోటికి నలుగురితో పోతే గువ్వలచెరువు ఘాట్‌లో 800కు ఏసీ ఆపాల్సిందే, స్విఫ్ట్‌కు ఆ టెన్షన్ లేదు. కానీ మనం తిరిగేది ఎక్కువ పల్లెదారుల్లోనే కదా.

జమ్మలమడుగు దగ్గర మా మామ వాళ్ల ఊరికి పోవాలంటే వంక దాటి ఒక మిట్ట ఎక్కాలి. అంతా నల్లరేగడి, వాన పడితే కాలి చెప్పు కూడా ఊడి అందులోనే ఉండిపోతుంది. ఒక తుపాను రోజు 800 సగం మిట్టలో ఆగిపోయింది, ముందు చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి కదలదు. మామ "అల్లుడా, రాయి తీసుకొని టైరు కాడ నిలబడు" అని, బండిని కిందికి దించి, వెనకభాగం మిట్టవైపు తిప్పి, రివర్స్ గేరులో నిదానంగా ఎక్కించాడు. మిట్ట ఎక్కేటప్పుడు బరువు కిందివైపు చక్రాల మీద పడుతుంది. రివర్స్‌లో ఆ కిందివైపు ఉండేవి ఇంజను తిప్పే చక్రాలే, అందుకే పట్టు దొరికింది. ఇంత చిన్న సంగతి ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ చెప్పరు, ఎనిమిది అంకె వేయించి పంపేస్తారు.

తర్వాత స్విఫ్ట్‌తో అదే మిట్టలో ఇరుక్కున్నా. మామ చేసినట్టే చేద్దామని చూస్తే వెనక అద్దం చిన్నది, పక్క స్తంభాలు లావు, దారే సరిగ్గా కనిపించలేదు. తొక్కేకొద్దీ చక్రం గుంత తవ్వుకుంది, ఆ 87 హార్స్ పవర్ బురద చిమ్మడానికే సరిపోయింది. టన్ను బండిని నలుగురం నెట్టినా కదల్లేదు, ట్రాక్టర్ పిలవాల్సొచ్చింది. 800 అయితే 650 కిలోలు, నలుగురు భుజం వేస్తే చాలు.

బెంగళూరుకు వారం వారం పోయేవాళ్లయితే సరే, స్విఫ్ట్ తీసుకోండి. కొనేముందు స్టీరింగ్ ఒకవైపు పూర్తిగా తిప్పి మెల్లగా రౌండు కొట్టి వినండి. టక టక అంటే యాక్సిల్ జాయింట్ పోయినట్టే. తర్వాత వంగి ఆ జాయింటును కప్పే రబ్బరు తొడుగు, అదే బూటు, చూడండి, అది చిరిగితే గ్రీజు బయటికి పోయి దుమ్ము లోపలికి చేరుతుంది. నాకు అమ్మిన మనిషి చిరిగిన బూటుకు నల్ల టేపు చుట్టి, పైన గ్రీజు పూసి, కొత్తదిలా చూపించాడు, రెండు నెలలకే యాక్సిల్ మార్పించాల్సొచ్చింది. అప్పటి నుంచి నేను పాత బండి చూడ్డానికి పోతే ముందు పాత గుడ్డ తీసుకొని బూటు తుడిచి చూస్తా, తర్వాతే ధర మాట.

రెండూ 15 ఏళ్లు దాటినవి కాబట్టి ఆర్‌సీ రెన్యూవల్ ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. మీ 800 బూట్లు కూడా ఈ వారంలోనే ఒకసారి చూపించండి.