హిల్లరీ వంతెన మధ్యలో కళ్లు తిరిగితే

నేపాల్‌లో ఎవరెస్ట్ వైపు వెళ్లే నడకదారిలో, నామ్చే బజార్ ఊరికి ముందు వచ్చే ఈ వేలాడే వంతెన సగం దాటాక కళ్లు తిరిగి వెనక్కు వచ్చేశామని, ఏం చేయాలని మీరు అడిగారు. కారణం వంతెన ఊపే కావచ్చు. మధ్యాహ్నం లోయలో గాలి పెరుగుతుంది, పైగా జనం అడుగులు.

1. దారిలో ముందు వచ్చే ఫాక్డింగ్ ఊళ్లో తెల్లవారగానే బయలుదేరండి, గాలి పెరగకముందే దాటొచ్చు.

2. చాలామంది మరిచేది ఇదే: అడుగు పెట్టేముందు అవతలి గట్టు చూడండి. కంచర గాడిదలో, జడల బర్రెలో వస్తుంటే ఆగండి, కొండవైపు నిలబడి. లోయవైపు వద్దు, మూటలు తగిలితే పట్టు దొరకదు. వంతెన మీద ఎదురైతే తప్పుకునే చోటే ఉండదు. అవి మొత్తం దాటాకే కదలండి.

3. చూపు అవతలి చివర మీద ఉంచండి. ఫోటోలు గట్టు నుంచి తీసుకోవచ్చు.

4. తలనొప్పి, వాంతి కూడా ఉన్నాయా? అయితే అది వంతెన గొడవ కాదు, ఎత్తు వల్ల వచ్చే జబ్బు కావచ్చు. 3,440 మీటర్ల నామ్చేకు ఎక్కకండి, కిందికి దిగండి.