షాక్‌వేవ్‌లో 2 బార్, 3 బార్, 0.2 మిల్లీజౌల్: ఏది ఎక్కువ?

మీ అమ్మగారి మడమ నొప్పికి షాక్‌వేవ్ చికిత్స (మెషిన్‌తో చర్మం మీద నుంచి ఒత్తిడి దెబ్బలు ఇవ్వడం) గురించి అడిగితే శ్రీకాకుళంలో ఒక క్లినిక్ 2 బార్ అంది, విజయనగరంలో ఇంకొకరు 3 బార్ అన్నారు, వైజాగ్‌లో 0.2 మిల్లీజౌల్ అన్నారు, ఏది గట్టిదని అడిగారు. నేను డాక్టర్ని కాదు. శ్రీకాకుళంలో ఉంటూ ఈ రెండు జిల్లాల్లో ఫిజియోథెరపీ మెషిన్లు రిపేరు చేస్తుంటాను. మెషిన్ వైపు నుంచి చెబుతాను.

ముందు ఒక విషయం. మొదటి రెండూ ఒక రకం మెషిన్లు, మూడోది వేరే రకం. బార్ (గాలి ఒత్తిడి కొలత)లో చెప్పేది రేడియల్ రకం. అందులో కంప్రెసర్ గాలి ఒక చిన్న ఇనుప ముక్కను గొట్టంలో విసురుతుంది, అది ముందున్న మొనకి కొట్టుకుంటుంది, ఆ దెబ్బ చర్మంలోకి దిగుతుంది. తెరమీద కనిపించే 3 బార్ వెనకున్న గాలి ఒత్తిడి మాత్రమే, మడమకి తగిలేది కాదు. పంక్చర్ షాపులో గాలి మీటరు చూసి సుత్తి దెబ్బ ఎంతో చెప్పగలమా? ఇదీ అంతే.

మిల్లీజౌల్ (శక్తి కొలత)లో చెప్పేది ఫోకస్డ్ రకం. చదరపు మిల్లీమీటరుకి ఎంత శక్తి అన్న లెక్క అది. ఒత్తిడి నానోసెకన్లలో పదుల మెగాపాస్కళ్లకి లేస్తుంది (ఒక మెగాపాస్కల్ అంటే 10 బార్), లోపల ఒకచోట కేంద్రీకరిస్తుంది. రేడియల్‌లో మైక్రోసెకన్లు పడుతుంది. చర్మం దగ్గరే ఎక్కువ, లోతుకి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. నిజానికి దాన్ని షాక్‌వేవ్ అనకూడదు కూడా, కానీ బోర్డు మీద అదే రాస్తారు. కాబట్టి 3 పెద్దదా 0.2 పెద్దదా అన్నది కిలోలతో మీటర్లను పోల్చినట్టే.

అసలు కొలత నీళ్లలో జరుగుతుంది. గాలి బుడగలు తీసేసిన నీళ్లలో హైడ్రోఫోన్ (నీళ్లలో ఒత్తిడి కొలిచే పరికరం) పెట్టి చూస్తారు. కిడ్నీ రాళ్లు పగలగొట్టే మెషిన్లకి దాన్ని ఎలా కొలవాలో చెప్పే ఐఈసీ (విద్యుత్ పరికరాల అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం 1998లోనే వచ్చింది, రేడియల్ రకానికి మాత్రం 2020లో. మన ఊరి క్లినిక్‌లో హైడ్రోఫోన్ ఉండదు, నా దగ్గరా లేదు.

అయినా తేడా తెలుస్తుంది. ఒకచోట పేషెంట్ ఒకావిడ, "ఏటి బాబూ, మొదట్లో జివ్వుమనేది, ఇప్పుడేటీ తెలీట్లేదు" అందిట. వాళ్లు 2 నుంచి 3కి, 3 నుంచి 3.5కి పెంచుకుంటూ పోయారు. విప్పి చూస్తే మొన వెనక గుంట పడింది, ఇనుప ముక్క అంచు అరిగింది, గొట్టం నిండా నల్లటి పొడి. కౌంటర్‌లో లక్షల షాట్లు (దెబ్బలు). కొత్త కిట్ (అరిగే ఈ భాగాల సెట్టు) వేశాక అదే 3.5 ఎవరూ ఓర్చుకోలేకపోయారు, మళ్లీ 2కి దించాల్సి వచ్చింది. మెషిన్ ఒకటే, తెరమీద అంకె ఒకటే, దెబ్బ మాత్రం వేరు.

ఇంకోచోట 15 హెర్ట్జ్, అంటే సెకనుకి 15 దెబ్బలు, పెట్టారు. ఫోన్‌లో శబ్దం రికార్డు చేసి కంప్యూటర్‌లో గీతలు లెక్కపెట్టాను: సెకనుకి 11 గట్టివి, మిగతావి పేలవంగా ఉన్నాయి. కంప్రెసర్ అందుకోలేకపోతోంది. స్పీడు పెంచితే దెబ్బ తగ్గడం చాలా రేడియల్ మెషిన్లలో ఉన్నదే, క్లినిక్ వాళ్లని తప్పుపట్టను.

మడమ కింద ఉండే గట్టి పట్టీ పైపైనే ఉంటుంది కాబట్టి రేడియల్ కూడా సరిపోవచ్చు. ఎక్కడికి వెళ్లినా బార్ సంగతి వదిలేసి కిట్ ఎప్పుడు మార్చారో, ఎన్ని హెర్ట్జ్ మీద ఎన్ని షాట్లు ఇస్తారో అడగండి. జెల్ బాగా పూస్తున్నారా చూడండి, మధ్యలో గాలి ఉంటే దెబ్బ వెనక్కి పోతుంది. అమ్మగారు రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. మన దగ్గర పెద్దవాళ్లు ఎంత నొప్పైనా పళ్లు బిగించి ఊరుకుంటారు, వద్దని చెప్పండి.

మెషిన్ వెనక ప్లేటు ఫోటో పెడితే ఏ రకమో నేను చెప్పగలను.