తాగిన మర్నాడు తల పట్టేయకుండా ఉండాలంటే

విందులో మద్యం తాగిన మర్నాడు తలనొప్పి, వికారం రాకుండా ముందే ఏం చేయాలి, వచ్చాక దేనితో తగ్గుతుంది అని మీరు అడిగారు. నేను భీమవరంలో చాలా ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాను. సంక్రాంతి రోజుల్లో, ముఖ్యంగా కనుమ మర్నాటి ఉదయం, కోడిపందేల బరుల దగ్గర రాత్రంతా గడిపినవారు నేను షట్టరు ఎత్తకముందే వచ్చి నిలబడి ఉంటారు. అందరూ అడిగేది ఒక్కటే: "తల పట్టేసిందండీ, ఏదైనా మంచి బిళ్ల ఇవ్వండి." నేనూ అప్పుడప్పుడు స్నేహితులతో కూర్చునేవాణ్ణే కనుక, కౌంటరుకు రెండు వైపులా ఉన్న అనుభవంతో చెబుతున్నాను. హ్యాంగోవరును ఒక్క పూటలో పోగొట్టే బిళ్ల ఏదీ లేదు. ఆ ఉదయం ఎలా ఉంటుందన్నది ముందురాత్రి ఎంత తాగారు, భోజనం ఎప్పుడు చేశారు అన్న రెండింటి మీదే చాలావరకు ఆధారపడుతుంది.

ముందు ఎంత అన్నది చూద్దాం. మన దగ్గర విస్కీ, బ్రాందీ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. ఆ లెక్కన 30 మి.లీ. చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. మన కాలేయం గంటకు ఇంచుమించు 7 నుంచి 10 గ్రాములను మాత్రమే వదిలించగలదు. చన్నీళ్ల స్నానం చేసినా, ఘాటుగా కాఫీ తాగినా ఆ వేగం పెరగదు. 180 మి.లీ. క్వార్టరులో 60 గ్రాములు ఉంటాయి కనుక, రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి ఒక్క క్వార్టరుతో ఆపేసినవారి ఒంట్లోంచి కూడా అది పూర్తిగా పోయేసరికి తెల్లవారుజాము అవుతుంది. బీరు తేలిక అనుకునేవారు ఇంకో లెక్క చూసుకోవాలి. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 40 గ్రాములు, అంటే నాలుగు చిన్న పెగ్గులంత ఆల్కహాలు ఉంటుంది. "నేను బీరేనండీ, రెండే సీసాలు" అని అమాయకంగా చెప్పేవారి తలనొప్పికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

రెండోది భోజనం సంగతి. మన సిట్టింగుల్లో భోజనం ఎప్పుడూ ఆఖరున వస్తుంది. సాయంత్రం నుంచి ఖాళీ కడుపుతో మొదలుపెట్టి, మధ్యమధ్యలో వేయించిన చికెన్, మసాలా పల్లీలు, మిర్చి బజ్జీలు తింటూ, అర్ధరాత్రి దాటాక చల్లారిన బిర్యానీ ముందు కూర్చుంటాం. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మద్యం త్వరగా చిన్నపేగుకు చేరి, రక్తంలో ఒక్కసారిగా పెరుగుతుంది. కడుపులో సరైన భోజనం ఉంటే ఆ ప్రయాణం నెమ్మదిస్తుంది, రక్తంలో మోతాదు అంత ఎత్తుకు వెళ్లదు. మంచింగ్ ఆ పని కొంత చేస్తుంది గాని, అందులోని ఉప్పూ కారం దాహాన్ని పెంచుతాయి, ఆ దాహానికి చేతికందేది ఎదురుగా ఉన్న గ్లాసే. అందుకే మా స్నేహితుల బృందంలో కొన్నేళ్ల క్రితం ఈ వరుసను తిరగేశాం: ముందు పప్పు, కూర, పెరుగుతో కడుపునిండా భోజనం, ఆ తర్వాతే సీసా. పెరుగన్నం తిన్నాక తాగడమేమిటని మొదట్లో అందరూ నవ్వారు. అయితే నిండిన కడుపుతో ఎవరూ ఎక్కువ తాగలేకపోయారు, మర్నాడు పనికి వెళ్లలేకపోవడమన్నది మాలో బాగా తగ్గింది. వేడిగా వండింది వేడిగా తింటున్నారని వంటవాడు కూడా సంతోషించాడు.

నీళ్ల విషయం అందరికీ తెలిసిందే గాని, కారణం తెలిస్తే పాటించడం సులువవుతుంది. మూత్రాన్ని అదుపులో ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోనును మద్యం అణచివేస్తుంది, దానితో తాగినదానికంటే ఎక్కువ నీరు బయటికి పోతుంది. పెగ్గుకో గ్లాసు మంచినీళ్లు తాగితే ఆ లోటు కొంత పూడుతుంది, తాగే వేగమూ తగ్గుతుంది. అలాగని హ్యాంగోవరు అంతా నీటి లోటే అనుకోకూడదు. మద్యం విరిగేటప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్, కడుపు లోపలి పొర రేగడం, రాత్రి రెండో సగంలో నిద్ర ముక్కలు ముక్కలు కావడం, ఇవన్నీ కలిసే మనిషిని కుదేలు చేస్తాయి. విస్కీ, రమ్ము వంటి ముదురు రంగు మద్యాలలో కంజెనర్లు అనే ఇతర పదార్థాలు ఎక్కువ కనుక, అదే మోతాదులో వోడ్కా తాగినవారికంటే వీటిని తాగినవారికి మర్నాడు కొంచెం ఎక్కువ బాధ ఉంటుంది. రకాలు కలిపి తాగితేనే తలనొప్పి వస్తుందన్న నమ్మకంలో మాత్రం నాకు పస కనిపించలేదు. కలిపి తాగేవారు మొత్తం మీద ఎక్కువ తాగుతారు, అంతే.

ఇక వచ్చాక ఏం చేయాలి? 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా పరీక్షించిన చికిత్సలన్నిటినీ చూసి, హ్యాంగోవరును నివారించడానికి గాని తగ్గించడానికి గాని ఏదీ పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదని తేల్చింది. కాబట్టి మనం చేయగలిగింది బాధను తగ్గించుకుంటూ సమయం గడవనివ్వడమే. నేను ముందుగా ఇచ్చేది లీటరు నీళ్లలో కలుపుకునే 20.5 గ్రాముల ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్టు. దాన్ని గ్లాసులు గ్లాసులుగా కాక, కొద్దికొద్దిగా తాగాలి. పళ్ల రుచితో డబ్బాల్లో వచ్చే తియ్యని పానీయాలు దీనికి సాటి రావు. డబ్ల్యూహెచ్ఓ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది కూడా. ప్యాకెట్టు దొరకకపోతే ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు మంచివి. వికారం తగ్గాక చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తింటే నా కడుపుకు మరేదీ అంత హాయిగా ఉండదు.

బిళ్లల దగ్గర జాగ్రత్త అవసరం. మద్యం ఇంకా ఒంట్లో ఉండగా పారాసిటమాల్ వేసుకుంటే, ముఖ్యంగా రోజూ తాగేవారిలో, కాలేయానికి హాని జరగవచ్చు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ అప్పటికే రేగి ఉన్న కడుపును ఇంకా రేపుతాయి. ముందు జాగ్రత్తగా పడుకునే ముందే ఒక బిళ్ల వేసుకోవడమన్నది అసలు చేయకూడని పని. విరేచనాలకో, పంటి నొప్పికో మెట్రోనిడజోల్ వాడుతున్నవారు మద్యం ముట్టుకోకూడదు. గుండెదడ, వాంతులు వచ్చి అది హ్యాంగోవరే అనుకునే ప్రమాదం ఉంది. పొద్దున్నే మరో పెగ్గు వేస్తే తల దిగుతుందన్న సలహా మీకూ ఎవరో ఇచ్చే ఉంటారు. దానితో బాధ మధ్యాహ్నానికి వాయిదా పడుతుందే తప్ప పోదు.

తల తేలికపడిందని బండి తీయడంలోనూ ఇబ్బంది ఉంది. మన చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. అర్ధరాత్రి దాకా బాగా తాగినవారు ఉదయం ఏడింటికి కూడా ఆ హద్దు దాటి ఉండవచ్చు.

చూపు మసకబారినా, వాంతుల్లో రక్తం కనిపించినా, మనిషి లేపినా లేవకపోయినా మజ్జిగతో కాలక్షేపం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేలోగా వాంతి గొంతుకు అడ్డం పడకుండా మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. రోజూ ఉదయం చేతులు వణుకుతూ, ఒక పెగ్గు పడితేనే ఆ వణుకు ఆగేవారిది అసలు హ్యాంగోవరే కాదు. అలాంటివారు వస్తే నేను బిళ్ల ఇవ్వను, డాక్టరు దగ్గరికి పంపుతాను. వారు పట్టుదలతో ఒక్కసారిగా మానేసినా ఫిట్సు రావచ్చు కాబట్టి, మానడం కూడా వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి.