చుక్కలూ ‘ఔట్’, దీపాలూ ‘ఔట్’: ఒక చిన్న మాట మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి చదువుతోంది. దాని ఇంగ్లీషు వాచకంలో ‘ద స్టార్స్ ఆర్ ఔట్’ అన్న వాక్యం వస్తే, నక్షత్రాలు కనిపిస్తున్నాయని అర్థం చెప్పాను. కొద్ది పంక్తుల తరవాత ‘ద లైట్స్ ఆర్ ఔట్’ అని ఉంది. అమ్మాయి అదే లెక్కన దీపాలు వెలుగుతున్నాయని రాసింది. టీచరు తప్పు పెట్టారు. ఒకే మాట ఒకచోట వెలగడమూ, ఇంకోచోట ఆరిపోవడమూ ఎలా అవుతుందని అది అడిగితే నాకు జవాబు తోచలేదు.
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: మీ అమ్మాయి రాసింది తప్పే అయినా ఆలోచించిన తీరు సరైనదే. ఒకచోట తెలుసుకున్న అర్థాన్ని మరోచోట పెట్టి చూడకుండా ఏ భాషా పట్టుబడదు. ఈ రెండు వాక్యాల్లోనూ అసలు క్రియ కనిపించకుండా ఉండిపోవడం వల్ల చిక్కు వచ్చింది. ‘ఆర్’ అన్న మాట ఇప్పుడున్న స్థితిని చెబుతుందే తప్ప, ఆ స్థితి ఎలా వచ్చిందో చెప్పదు. ఆ దాగిన క్రియను పైకి తీసి చూడండి. నక్షత్రాల గురించి ఇంగ్లీషువారు ‘కేమ్ ఔట్’ అంటారు, దీపాల గురించి ‘వెంట్ ఔట్’ అంటారు. మొదటిది రావడం, రెండోది పోవడం. పగటి వెలుగు మరుగున ఉన్న చుక్కలు ఆ మరుగు దాటి మన కంటి ముందుకు వచ్చాయి. దీపమేమో మన కంటి ముందు నుంచి అవతలికి వెళ్లిపోయింది. దాటడం రెండింటిలోనూ ఉంది, దాటి ఎటు వెళ్లిందన్న దాంట్లోనే తేడా.

ఇది అమ్మాయికి తెలుగులోనే చెప్పండి, ఇట్టే పట్టుకుంటుంది. సాయంత్రం దేవుడి గూట్లో పెట్టిన దీపాన్ని ఒకసారి చివరిదాకా చూడమనండి. ప్రమిదలో నూనె అయిపోయి, వత్తి కొసన ఎర్రటి చుక్క మిగిలి, అదీ నల్లబడి సన్నటి పొగ తీగలా లేస్తుంది. అప్పుడు మనం ‘ఆరిపోయింది’ అంటాం. ప్రమిద గూట్లోనే ఉంది, వత్తి ప్రమిదలోనే ఉంది, ఏదీ ఎక్కడికీ కదలలేదు. అయినా ఆ మాటలో ‘పోయింది’ ఉంది. ‘కరెంటు పోయింది’, ‘ప్రాణం పోయింది’ అన్నప్పుడూ అంతే. దీపం ఆరిందనడం అశుభమని మన పెద్దవాళ్లు ‘దీపం కొండెక్కింది’ అనేవారు, కొన్ని ఇళ్లలో ఇప్పటికీ అంటారు. ఆ అందమైన మాటలోనూ దీపం మనల్ని వదిలి ఎక్కడికో వెళ్లడమే ఉంది. ఇంగ్లీషువాడి ‘వెంట్ ఔట్’కు ఇంతకంటే దగ్గరి చుట్టం దొరకదు.

ఇంకొక మెట్టు ఎక్కి చూస్తే, ఒకే మాట మెప్పుకూ వేటుకూ పనికి రావడం మన భాషకూ కొత్త కాదు. ‘ఔట్’కు మన దగ్గర సరిజోడు ‘వెలి’. పుస్తకం వెలువడింది, సంపాదకుడు సంచికను వెలువరించాడు, శాసనాన్ని వెలికితీశారు, తన అభిప్రాయాన్ని వెలిబుచ్చాడు. ఇవన్నీ గౌరవమైన పనులే. అదే ‘వెలి’ని ‘వేయు’తో కలిపితే ఒక కుటుంబాన్ని ఊరి నుంచే దూరం పెట్టే క్రూరమైన మాట తయారవుతుంది. ‘బయటపడు’ అన్న మాటను చూడండి: ‘ప్రమాదం నుంచి బయటపడ్డాడు’ అంటే ఊరట, ‘మోసం బయటపడింది’ అంటే అల్లరి. ఈ రెండింటినీ మీ అమ్మాయి ఎన్నడూ కలగాపులగం చేసి ఉండదు, ఎందుకంటే పక్కనున్న మాటను చూసి అర్థం చేసుకోవడం ఆమెకు తెలుగులో అలవాటే. ‘ఔట్’ దగ్గర కూడా అదే అలవాటును వాడమని చెప్పండి. పాతిక అర్థాల పట్టికను బట్టీ పట్టించే పద్ధతి మీద నాకు బొత్తిగా నమ్మకం లేదు. పరీక్ష అయిన మర్నాటికి ఆ పట్టిక గుర్తుండదు.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. ఇంగ్లీషులో మనం నిత్యం వాడే ‘బట్’ కూడా పాత ఇంగ్లీషులో ‘వెలుపల’ అనే అర్థమున్న మాట నుంచి పుట్టిందే, దాని లోపల ఈ ‘ఔట్’ దాగి ఉంది. ‘ఎవ్రీవన్ బట్ హిమ్’ అంటే ‘అతను తప్ప అందరూ’ అని కదా. అందరినీ ఒక గీత లోపల నిలబెట్టి, అతన్ని గీత వెలుపల ఉంచిన చిత్రం అందులో ఇప్పటికీ కనిపిస్తుంది.

ప్రశ్న: నేను హైదరాబాదులో ఇంజినీరింగ్ పూర్తి చేసి ఇక్కడ ఎం.ఎస్.లో చేరాను. పరిచయాలప్పుడు 2019లో పాసౌట్ అయ్యానని ఇంగ్లీషులో చెబితే, నా పక్కనున్న అమెరికన్ అమ్మాయి కంగారుగా ఏమైందని అడిగింది. మన కాలేజీల్లో అందరూ వాడే ఈ మాట తప్పా?
— ఒక విద్యార్థి, డాలస్

జవాబు: తప్పని ఒప్పుకోవాల్సిన పని లేదు, కాని అది అక్కడ చెల్లే మాట కాదు. అమెరికాలో ‘పాస్ ఔట్’ అంటే స్పృహ తప్పడం. తెలివి మనిషిని వదిలి బయటికి పోయిందన్న ఊహ దాని వెనక ఉంది. మనం ‘తెలివి తప్పింది’ అంటాం, తెలివి దారి తప్పిందన్నట్టు. రెండో అర్థం బ్రిటిష్ సైన్యం నుంచి వచ్చింది. శిక్షణ ముగించుకున్న క్యాడెట్లు కవాతు చేస్తూ అకాడమీ నుంచి వెలుపలికి సాగే వేడుకను వాళ్లు పాసింగ్ ఔట్ పరేడ్ అన్నారు. హైదరాబాదులోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ ప్రొబేషనర్లు శిక్షణ పూర్తి చేసుకున్నప్పుడు మన పత్రికలు రాసే పాసింగ్ ఔట్ పరేడ్ అదే. కవాతు మైదానం నుంచి ఆ మాట మన కళాశాలలకు చేరి, డిగ్రీ పుచ్చుకున్న ప్రతి ఒక్కరికీ అంటుకుంది. మీరున్న చోట ‘గ్రాడ్యుయేట్’ అన్న క్రియను వాడండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘పాసౌట్’ను నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఇలాంటిదే ‘ఔటాఫ్ స్టేషన్’. కంపెనీ పాలన నాటి అధికారులకు తాము కొలువు చేసే ఊరే ‘స్టేషన్’. ఆ ఊరు దాటి వెళితే ఔటాఫ్ స్టేషన్. ఆ కంపెనీ పోయింది, ఆ అధికారులూ పోయారు, మన ఆఫీసుల్లో మాత్రం ఆ మాట నిలిచింది. అమెరికన్‌కు అది వింటే రైల్వే స్టేషనే గుర్తుకొస్తుంది కనుక, ‘ఔటాఫ్ టౌన్’ అనండి. ఇక ‘మేక్ ఔట్’ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చేతిరాతను పోల్చుకోవడానికీ, ఒకరి పేర చెక్కు రాయడానికీ ఆ మాట ఎక్కడైనా పనికొస్తుంది కాని, ఒక మనిషితో కలిపి చెబితే అక్కడి యువత దాన్ని ముద్దుముచ్చట్ల కింద తీసుకుంటారు.

ప్రశ్న: మా పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు మీద ‘ఔట్‌స్టాండింగ్’ అని రాసి ఇచ్చారు, సంతోషపడ్డాం. అదే వారంలో పంట రుణం గురించి బ్యాంకు నుంచి కాగితం వచ్చింది, దాని మీదా ‘ఔట్‌స్టాండింగ్’ అనే ఉంది. బాకీని పొగడడం ఏమిటో అర్థం కాలేదు.
— ఒక రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: బ్యాంకు కాగితంలో పొగడ్త లేదు, కట్టాల్సిన మొత్తం ఇంకా కట్టలేదని దాని భావం. రెండు చోట్లా చిత్రం ఒకటే: వరసలోంచి ఒకటి విడిగా నిలబడి కనిపించడం. తరగతిలో నలభై మంది పిల్లల మధ్య మీ వాడు తల ఎత్తుగా కనిపించాడు. ఖాతా పుస్తకంలో తీరిన పద్దులన్నీ కొట్టేసి ఉంటే, తీరని పద్దు ఒక్కటీ అలాగే నిలబడి ఉంది. మన పాత లెక్కల్లో ‘బాకీ నిలిచి ఉంది’, ‘నిలవ బాకీ’ అని రాయడం మీరు చూసే ఉంటారు. ఆ ‘నిలవ’కూ ఈ ‘స్టాండింగ్’కూ తేడా లేదు. రైతుకు పంపే కాగితంలో ‘నిలవ బాకీ’ అనే రాస్తే సగం గందరగోళం ఉండదు. తెలుగు జిల్లాల్లో తెలుగు రైతులకు వెళ్లే నోటీసు తెలుగులో ఉండాలని అడగడం మీ హక్కు, గట్టిగానే అడగండి.

ప్రశ్న: క్రికెట్‌లో ఔట్ అంటే దేనికి ఔట్?
— ఒక ఇంటర్ విద్యార్థి, కడప

జవాబు: బ్యాటింగ్‌కు. బ్యాటింగ్ చేస్తున్న జట్టును ఇంగ్లీషులో ‘ఇన్’ అంటారు, ‘ఇన్నింగ్స్’ అన్న మాట అక్కడిదే; ఆ లోపలితనం పోయినవాడు ‘ఔట్’. ఇందులో తెలుసుకోదగ్గ సూక్ష్మం ఒకటుంది. నియమాల ప్రకారం బ్యాటర్ ఔటై ఉన్నా, ఫీల్డింగ్ జట్టులో ఎవరో ఒకరు అప్పీలు చేయనిదే అంపైర్ వేలు ఎత్తకూడదు. అంటే ఔట్ కావడం వేరు, ఔట్ ఇవ్వడం వేరు. 2023 నవంబరు 6న ఢిల్లీలో జరిగిన ప్రపంచ కప్ మ్యాచ్‌లో శ్రీలంక ఆటగాడు ఏంజెలో మాథ్యూస్ ఒక్క బంతీ ఎదుర్కోకుండానే వెనుదిరిగాడు. హెల్మెట్ పట్టీ తెగింది, ముందు బ్యాటర్ ఔటయ్యాక కొత్త బ్యాటర్ బంతికి సిద్ధం కావాల్సిన రెండు నిమిషాల గడువు దాటింది, బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ అల్ హసన్ అప్పీలు చేశాడు. అంతర్జాతీయ క్రికెట్‌లో ‘టైమ్డ్ ఔట్’ అయిన మొదటి బ్యాటర్ మాథ్యూసే. షకీబ్ నోరు మెదపకపోతే అంపైర్లు తమంతట తాము అతన్ని ఔట్ ఇచ్చేవారు కాదు.

ప్రశ్న: లేఅవుట్, కటౌట్, ప్రింటవుట్, వర్కవుట్ అంటూ తెలుగు నిండా ఈ మాటే వినిపిస్తోంది. వీటన్నిటికీ తెలుగు మాటలు కట్టలేమా?
— ఒక విశ్రాంత తెలుగు పండితుడు, రాజమహేంద్రవరం

జవాబు: అయ్యా, అన్నిటికీ కట్టాల్సిన అవసరం ఉందని నేను అనుకోవడం లేదు. పొలాన్ని ప్లాట్లుగా కోసి రాళ్లు పాతితే లేఅవుట్ అంటారని ప్రతి పల్లెకూ తెలుసు. థియేటర్ ముందు నలభై అడుగుల కథానాయకుడి బొమ్మకు పాలాభిషేకం చేసే అభిమానికి ‘కటౌట్’ ఇప్పుడు సొంత మాటే. ఆ వస్తువులు ఆ పేర్లతోనే వచ్చాయి, ఆ పేర్లతోనే ఉండనివ్వండి.

నాకు బాధ కలిగించేది ‘వర్కవుట్ కాలేదు’ ఒక్కటే. పెళ్లిచూపులకు వెళ్లి వచ్చినవాళ్లూ, కూరగాయలు బేరమాడినవాళ్లూ, లెక్క చేస్తూ ఆగిపోయిన పిల్లలూ, ఎత్తు వేసి భంగపడినవాళ్లూ అందరూ ఇప్పుడు ఆ ఒక్క మాటే అంటున్నారు. సంబంధం కుదరలేదు, బేరం గిట్టలేదు, లెక్క తేలలేదు, పాచిక పారలేదు. ఒక్కో పనికి ఒక్కో క్రియ, ఏదీ ఇంకోదాని చోట ఇమడదు. ఇవి మనం కొత్తగా కట్టుకోవాల్సినవి కావు. మీరూ నేనూ చిన్నప్పుడు ఇంట్లో విన్నవే.